వేడి చేసింది

పదో తరగతి గదిలో నల్లబల్లకు ఎడమ పక్కన జానెడు వెడల్పు జాగాను గీత గీసి వేరుచేసి పెట్టుకున్నాను. పైన ‘తప్పు మాట’ అని, కింద ‘చెరపరాదు’ అని రాసి ఉంటుంది. పిల్లలు ఇళ్ళలో వాడే మాట ఒకటి రోజూ అక్కడికి ఎక్కుతుంది. కిటికీలోంచి చలి వస్తోందంటారు. రావడానికి చలి అనే వస్తువు లేదు, లోపలి వేడి బయటికి పోతుంది, అంతే. కంబళి వేడిగా ఉందంటారు. కంబళికి సొంత వేడి లేదు. ఆ మాట రాసి, దాని మీద అడ్డంగా ఒక గీత గీస్తాను. మర్నాడు ఇంకో మాట వచ్చేదాకా అది ఆ గీతతోనే ఉంటుంది.

ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు అన్న ఒక్క ముక్క పిల్లలకు పట్టుబడడానికి ప్రతి ఏడూ పది రోజులు పడుతుంది. చెంబెడు నీళ్ళు మరుగుతున్నాయి, బానెడు నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. చెంబు అంకె పెద్దది. కానీ చల్లారేలోగా బానలోంచి బయటికి పోయే ఉష్ణం ఎక్కువ. ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు నన్ను అనుమానంగా చూస్తారు. వాళ్ళ అనుమానం నాకు ఇష్టం. నలభై నిమిషాల పాటు నలభై మంది నన్ను చూస్తారు. తర్వాత రేణిగుంటలో రైలు పట్టాల పక్కనున్న నా గదికి పోతే నన్ను చూసేవాళ్ళెవరూ లేరు. ఈ సంగతి ఇక్కడ చెప్పడం అవసరం, ఎందుకంటే ఆ రోజు నేను చేసిన పనికి ఇంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా నాకు దొరకలేదు.

జులై నెల. మధ్యాహ్నం భోజనాల తర్వాత మొదటి పీరియడు. బల్ల మీద మూడు గిన్నెలు పెట్టాను. ఒకదానిలో వంటమనిషి ఆనందమ్మ కాచి ఇచ్చిన వేణ్ణీళ్ళు, ఒకదానిలో కుండ నీళ్ళు, మధ్య గిన్నెలో రెండూ కలిపిన నీళ్ళు. ఒక చెయ్యి వేడి గిన్నెలో, ఒక చెయ్యి చల్ల గిన్నెలో ఉంచి, తర్వాత రెండు చేతులూ మధ్య గిన్నెలో పెట్టమన్నాను.

“ఏం తెలస్తా ఉండాది?”

“సార్, ఈ సెయ్యికి సల్లగుండాది, ఈ సెయ్యికి యెచ్చగుండాది!” అన్నాడు మునిశేఖర్.

“నీళ్ళు ఒకటే గదరా?”

“సెయ్యి అబద్దం సెప్తా ఉండాది సార్.”

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. “అంతే. చెయ్యి అబద్ధం చెప్తాది, థర్మామీటరు చెప్పదు,” అన్నాను.

అప్పుడు మూడో వరసలో కోమలి లేచి నిలబడింది. సన్నటి పిల్ల, మార్కులు మధ్యరకం, నాతో ఎప్పుడూ ఎక్కువ మాట్లాడింది లేదు.

“సార్, బయటికి పోవాల.”

“పో.”

“లోహితను గూడా పంపండి సార్.”

నా తరగతిలో ఇంకొక నియమం ఉంది. ఒకసారికి ఒక్కరే బయటికి పోవాలి. ఇద్దరు పోతే కబుర్లు చెప్పుకుంటూ పావుగంట రారు. ఈ నియమం పెట్టి ఆరేళ్ళయింది. ప్రధానోపాధ్యాయుడు కూడా మెచ్చుకున్నాడు.

“ఒక్కదానివి పో. ఏం, ఆడ దయ్యం ఉండాదా?”

పిల్లలు మళ్ళీ నవ్వారు. కోమలి కదలలేదు. పక్కన లోహిత సగం లేచి కూర్చుంది.

“పోతావా, కూర్చుంటావా? ఏమైంది నీకు?”

కోమలి తల వంచుకుని బెంచీతో చెప్పినట్టు చెప్పింది.

“వేడి చేసింది సార్.”

ఇక్కడ ఆగాలి. చిత్తూరు పక్క పుట్టి పెరిగినవాణ్ణి నేను. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. మామిడిపండ్లు ఎక్కువ తిన్నప్పుడు, ఎండలో ఆడి వచ్చినప్పుడు మా అమ్మ నన్ను గడపలో పడుకోబెట్టి బొడ్డు చుట్టూ ఆముదం రాసేది. బార్లీ నీళ్ళు తాగించేది. ‘వేడి చేసింది’ అంటే ఒళ్ళు కాలుతోందని కాదు. మూత్రం మంటగా ఉందని నలుగురిలో చెప్పలేక చెప్పే మాట అది. ఆ మాట చెవిలో పడగానే నా మనసులో రెండు ఆలోచనలు ఒకేసారి పుట్టాయి. ఒకటి, ఈ పిల్లకు బాగాలేదు. రెండోది, ఇవాళ్టి తప్పు మాట దొరికింది. ముందు రెండోదాన్ని పట్టుకున్నాను. మొదటిదాన్ని తర్వాత చూసుకోవచ్చని అనుకున్నానో, అసలు అనుకోనే లేదో, ఇప్పుడు నిజంగా చెప్పలేను.

“ఇట్ల రా,” అన్నాను. “వేడి చేసిందంట! ఎంత చేసిందో చూస్తాం.”

జ్వరం చూసే థర్మామీటరు కడిగి ఇచ్చాను. నాలుక కింద పెట్టుకుని తరగతి వైపు తిరిగి నిలబడింది. “నిమిషం లెక్కపెట్టండి,” అన్నాను. పిల్లలు ఒకటీ రెండూ అని రాగం తీస్తూ, ఒకరిని మించి ఒకరు వేగం పెంచుతూ అరవైకి వచ్చేశారు. పాదరసం చూశాను. తొంభై ఏడు దాటి ఒక గీత.

“తొంభై ఏడు. ఏమైనా వేడి ఉండాదా?”

“లేదు సార్!”

“కోమలికి తొంభై ఏడు మార్కులొచ్చినాయబ్బా!” అన్నాడు మునిశేఖర్. గది గొల్లుమంది.

నేను ఎడమ పక్కకు పోయి ‘వేడి చేసింది’ అని రాసి, దాని మీద గీత గీశాను. ఉష్ణం ఒకరి ఒంట్లో పోగయ్యే సరుకు కాదని, ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ ఉష్ణోగ్రతకు ప్రవహించే శక్తి అని చెప్పాను. బాగా చెప్పాను. ఆ సంవత్సరం అంత బాగా చెప్పింది అప్పుడే. “పోయి కూర్చో,” అన్నాను. కోమలి పోయి కూర్చుంది. మళ్ళీ బయటికి పోతానని అడగలేదు.

గంట కొట్టాక పిల్లలంతా ఆటస్థలానికి పరిగెత్తారు. కోమలి లేవలేదు. లోహిత తన సంచి తీసి కోమలి ఒళ్ళో పెట్టి, నావైపు చూడకుండా పక్కనే కూర్చుంది. గిన్నెలు సర్దుకుంటూ ఆ బెంచీ కింద నేల తడిగా ఉండడం చూశాను. గిన్నెల్లో నీళ్ళు ఒలికి ఉంటాయి అనుకున్నాను. గిన్నెలు నా బల్ల మీద ఉన్నాయి. ఆ బెంచీ మూడో వరసలో ఉంది. అయినా అట్లాగే అనుకుని గది దాటి వచ్చేశాను.

మర్నాడు కోమలి రాలేదు. ఆ తర్వాత మూడు రోజులూ రాలేదు. హాజరు పిలిచేటప్పుడు ఆమె పేరు దగ్గర వెనక బెంచీల నుంచి ఎవరో “తొంభై ఏడు” అని సన్నగా అనేవారు. నేను వినపడనట్టు తర్వాతి పేరు పిలిచేవాణ్ణి. ఆ నాలుగు రోజులూ కొత్త తప్పు మాట రాయలేదు. ఎందుకని ఒక పిల్ల అడిగితే, దొరకలేదన్నాను.

ఐదో రోజు మధ్యాహ్నం ఆనందమ్మ కుళాయి దగ్గర అన్నం గుండిగ తోముతూ నన్ను పిలిచింది.

“సార్, కోమలి సంగతి తెల్సునా?”

“లేదు. సెలవు చీటీ కూడా రాలేదు.”

“సీటీ యాడిస్తారు? తిరపతి ఆస్పత్రిలో ఉండాది. మా యీదే వాళ్ళది. కిడ్నీకి ఎక్కిందంట.”

“ఏం ఎక్కింది?”

“ఏమెక్కుతాది, వేడి.” పీచు గుండిగలో పడేసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “పది దినాల్నించి వేడి చేసింది, వేడి చేసింది అంటానే ఉన్నింది పాపం. వాళ్ళమ్మ సబ్జా గింజలు నానేసి ఇచ్చె. ఆముదం పెట్టె. తగ్గితే గదా! ఒంటేలుకు పోతే మంట సార్. ఆడబిడ్డ, అంతకన్నా ఎట్ల సెప్తాది?”

ఆమె కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది.

“నీళ్ళు తాగకపోతే రాదా మరి?”

“ఎందుకు తాగదు?”

“ఆ బిడ్డొకతే కాదు సార్. ఈడ ఆడబిడ్డలెవురూ తాగరు. అన్నం తిని గుక్కెడు తాగి మూతి తుడుసుకుంటారు. నేను నింపిన బిందె నింపినట్టే ఉంటాది. తాగితే పోవాల గదా?” గొంతు తగ్గించింది. “ఆ పక్క బాత్రూంకి ఎప్పుడన్నా పొయ్యినావా నువ్వు? పోవులే, మొగోడివి. ఆ తలుపుకి గడియ లేదు. ఒకరు లోపలికి పోతే ఒకరు బయట తలుపు పట్టుకోని నిలబడాల. మీరేమో ఒక్కొక్కరే పోవాలంటిరి.”

“నాకు ఎవరూ చెప్పలేదే, ఆనందమ్మా.”

“మీకెట్ల సెప్తారు సార్!” అని నవ్వి, మళ్ళీ పీచు అందుకుంది. “అవునూ, పిల్లకాయలు ఆ బిడ్డను తొంభై ఏడు అంటా ఉండారే, ఏమది?”

బస్సు టైమయిందని చెప్పాను. బస్సుకు ఇంకా రెండు గంటలుంది.

సాయంత్రం బడి ఖాళీ అయ్యాక ఆడపిల్లల బాత్రూం పక్కకు పోయాను. పదో తరగతి గది వెనక గోడకు పది అడుగుల దూరంలో ఉంది అది. తలుపుకు లోపలి వైపు గడియ ఉండాల్సిన చోట నాలుగు మేకు రంధ్రాలు ఉన్నాయి. బకెట్ పొడిగా ఉంది. బయటి వైపు, పిల్లల భుజమెత్తున, పచ్చరంగు ఒక చెయ్యి వెడల్పున అరిగిపోయి చెక్క కనపడుతోంది. ఎన్ని చేతులు ఎన్నేళ్ళు పట్టుకుంటే అట్లా అరుగుతుంది! నేను లోపలికి పోయి తలుపు వేశాను. దానంతట అదే తెరుచుకుంది. మళ్ళీ వేసి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. బడిలో నేను తప్ప ఎవరూ లేరు. అయినా ఎవరో వస్తారని చెయ్యి తియ్యలేదు. ఆ భయంలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

శనివారం మధ్యాహ్నం తిరుపతి పోయాను. ఆడవాళ్ళ వార్డు బయట కోమలి నాయన మునస్వామి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రేణిగుంట గోడౌన్లలో మూటలు మోసే మనిషి. నన్ను చూసి లేచి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

“సార్! మీరొచ్చినారా ఇంత దూరం! పాపా, సూడు ఎవురొచ్చినారో.”

కోమలి మంచం మీద పక్కకు తిరిగి ఉంది. చేతికి సెలైన్ సూది గుచ్చి ఉంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. పెదవులు ఎండి తెల్లగా పొక్కులు కట్టాయి.

“బాగా సలి, జరం సార్. తగ్గతాదంటారు డాక్టర్లు,” అన్నాడు మునస్వామి. “నీళ్ళు తాగక వచ్చిందంట. ఇంట్లో బాగనే తాగతాది. ఏమిటికో మరి. అదట్లుంచండి సార్. మీకొక మాట సెప్పాల. ఇస్కూలుకు పోనంటాది ఇది. పది పాసయితే సాలమ్మా అంటే, పోను గాక పోను అంటా ఉండాది. కారణం అడిగితే సెప్పదు. మీరన్నా సెప్పండి సార్. మీ మాటంటే ఇంటాది.”

కోమలి నన్ను చూస్తోంది. ఆమె వాళ్ళ నాయనకు ఏమీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది. నన్ను కాపాడడానికి కాదు. చెప్పాలంటే ఆ గదిలో మళ్ళీ ఒకసారి నిలబడాలి కాబట్టి.

“బాగా నీళ్ళు తాగమ్మా,” అన్నాను.

నా నోటి నుంచి వచ్చింది అది.

నర్సు వచ్చి కోమలి చంకలో థర్మామీటరు పెట్టింది. పాదరసం లేని కొత్తరకం. ఎవరూ లెక్కపెట్టలేదు. అది కూసేదాకా అందరం ఊరికే నిలబడ్డాం. నర్సు తీసి చూసి, నూట రెండు అని చీటీ మీద రాసుకుని పోయింది.

“సార్,” అంది కోమలి.

“చెప్పమ్మా.”

“ఇప్పుడు నూట రెండుండాది. ఇప్పుడు బయటికి పోవచ్చునా సార్?”

గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. మునస్వామి నవ్వాడు. “జరంలో ఏందో మాట్లాడతా ఉండాది సార్. ఏమీ అనుకోవద్దండి.” కోమలి కళ్ళు మూసుకుంది.

వరండాలోకి వచ్చాక మునస్వామి టీ తెస్తానన్నాడు. వద్దన్నాను. అక్కడే, మనుషులు అటూ ఇటూ పోతుండగా, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్కరే పోవాలన్న నియమం చెప్పాను. థర్మామీటరు సంగతి, నల్లబల్ల మీద రాసిన మాట, దాని మీద గీత చెప్పాను. తడిసిన నేల గురించి మాత్రం చెప్పలేదు. అది నాది కాదు, ఆమెది అనిపించింది. ఇది కూడా సాకేనేమో.

మునస్వామి తువ్వాలు మడత పెడుతూ విన్నాడు. చివరికి, “మీకేం తెల్సు సార్ ఆడబిడ్డల సంగతి. తెలీక అడిగినారు. దాంట్లో ఏముండాది,” అన్నాడు.

అక్కడితో వదిలేయవచ్చు. ఆయనే దారి ఇచ్చాడు.

“తెలుసు మునస్వామీ.”

“ఏం తెల్సు?”

“ఆ మాటకు అర్థం తెలుసు. మా అమ్మ కూడా అనేది. తెలిసే నవ్వించినాను.”

తువ్వాలు మడతపెడుతున్న చేతులు ఆగాయి. ఆయన నా మొహం చూశాడు. సారును కాకుండా నన్ను ఆయన చూడడం అదే మొదటిసారి.

“మరి?” అన్నాడు.

నేను ఆయన చేతుల్లోని తువ్వాలు వైపే చూస్తూ నిలబడ్డాను.

మునస్వామి తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. “పంపమంటారా, వద్దంటారా? మీరే సెప్పండి,” అన్నాడు. ఈసారి సార్ అనలేదు.

“పంపు. నీకు చెప్పింది అక్కడ అందరి ముందూ చెప్తాను.”

ఆయన లోపలికి పోయాడు.

ఆదివారం రేణిగుంటలో ఒక గడియ, నాలుగు మరలు కొన్నాను. ఆనందమ్మ తలుపు పట్టుకుంటే నేను బిగించాను. “ముందే బిగిస్తే పొయ్యేదానికి,” అంది ఆమె. బకెట్ కడిగి నీళ్ళు నింపి పెట్టింది. గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూశాను. బలంగా ఠప్పుమంటోంది. పది అడుగుల దూరంలో ఉన్న తరగతి గదిలోకి కూడా వినపడుతుంది. నియమం సంగతి కూడా మర్నాడే మార్చేశాను. ఎవరికి ఎప్పుడు అవసరమైతే అప్పుడు పోవచ్చు, నన్ను అడగనక్కర్లేదని అన్ని తరగతుల్లోనూ చెప్పాను.

నల్లబల్ల మీది మాటను మాత్రం చెరపలేదు. చెరిపేస్తే పని తేలిక. కోమలి లేనప్పుడు చెరిపేస్తే ఆమె వచ్చేసరికి ఏమీ జరగనట్టుంటుంది. కానీ ఆమె వచ్చి దాన్ని అట్లాగే చూస్తే? ఈ రెండు ఆలోచనల మధ్య తొమ్మిది రోజులు గడిచాయి. ప్రతి ఉదయం గుమ్మంలో ఆగి మూడో వరస చూసేవాణ్ణి.

పదో రోజు ఆమె వచ్చింది. లోహిత పక్కన కూర్చుంది. డెస్కు మీద పెద్ద నీళ్ళ బాటిల్ ఉంది. హాజరులో పేరు పిలిచాను. వెనక నుంచి “తొంభై ఏడు” వినపడింది. ఈసారి విన్నాను.

పుస్తకం మూసి, డస్టరు తీసుకుని ఎడమ పక్కకు పోయాను. గీతను మాత్రమే చెరపాలని చూశాను. గీతతో పాటు అక్షరాల నడుములు కూడా పోయాయి. మొత్తం తుడిచి, ‘వేడి చేసింది’ అని మళ్ళీ రాశాను. గీత గీయలేదు.

“ఇది తప్పు మాట కాదు,” అన్నాను. “దీనికి అర్థం ఆ రోజే నాకు తెలుసు. తెలిసే గీత గీసినాను. మీరు నవ్వితే నాకు బాగుంటాదని గీసినాను.”

ముందు వరసలో ఒకడు ఇది కొత్త జోకనుకుని కిసుక్కుమన్నాడు. పక్కవాడు నవ్వకపోయేసరికి ఆపేశాడు. పాఠం వైపు తిరిగితే మాట తేలికవుతుందని నాకు తెలుసు.

“థర్మామీటరు ఎవరి ఉష్ణోగ్రత చెప్తాది?”

“పెట్టుకున్నోళ్ళది సార్.”

“కాదు. దాని ఉష్ణోగ్రతే అది చెప్తాది. ఒంట్లోంచి దానిలోకి ఉష్ణం పోయి, రెండూ సమానమయ్యేదాకా ఆగితేనే ఆ అంకె మనిషిది. ఆ రోజు అరవై దాకా లెక్కపెట్టినారు, ఇరవై సెకన్లు కూడా కాలేదు. నేను ఆగలేదు. తొంభై ఏడు అనేది కోమలిది కాదు. థర్మామీటరుది. తీసిన తొందర నాది. ఇంక ఎవరినైనా ఆ పేరుతో పిలవాలంటే నన్ను పిలవండి.”

ఎవరూ నవ్వలేదు. మునిశేఖర్ తల వంచుకుని పెన్ను మూత కొరుకుతున్నాడు. కోమలి వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. సుద్దముక్క తీసుకుని విశిష్టోష్ణం మొదలుపెట్టాను. నీళ్ళు వేడెక్కడానికి ఎక్కువ ఉష్ణం కావాలని, వేడెక్కిన నీళ్ళు చల్లారడానికీ ఎక్కువసేపు పడుతుందని రాస్తున్నాను. వెనక బాటిల్ మూత తిప్పిన చప్పుడు, గుక్కలు వేసిన చప్పుడు వినపడ్డాయి.

పీరియడు సగంలో బెంచీ కదిలింది. తిరిగి చూశాను. కోమలి లేచి నిలబడింది. నన్ను ఏమీ అడగలేదు. బెంచీల మధ్య దారిలోకి వచ్చి ఆగి, వెనక్కి చూసింది. లోహిత కూడా లేచింది. ఇద్దరూ గుమ్మం దాటారు. మగపిల్లలంతా నా మొహం చూశారు. నేను బల్ల వైపు తిరిగి రాస్తూ ఉన్నాను.

ఇద్దరి అవసరం లేదిప్పుడు. గడియ ఉంది. బలమైన గడియ. ఆ సంగతి లోహితకు ఈ తొమ్మిది రోజుల్లో తెలిసే ఉంటుంది. నేను సుద్దముక్కను బల్లకు ఆనించి, రాయకుండా, కిటికీ అవతల ఆ ఠప్పుమనే చప్పుడు కోసం చెవి పెట్టాను. తలుపు కిర్రుమంది. లోహిత ఏదో మెల్లగా అంది. ఇంకే చప్పుడూ రాలేదు.

లోపల ఒకరు, బయట తలుపు పట్టుకుని ఒకరు. రంగు అరిగిన చోటే చెయ్యి పెట్టి ఉంటుంది.

వాళ్ళు తిరిగి వచ్చి కూర్చునేదాకా నేను ఆగాను. తర్వాత వాక్యం పూర్తి చేశాను.